పరదా వెనుక వైరు

మొయ్యలేనంత బరువని ఒక ఇనుప పెట్టెను నేను వదిలించుకున్నాను. నిజమే, అది బరువే. కానీ దాన్ని వదిలించుకున్న తీరు ఉంది చూశారా, అది ఆ పెట్టెకంటే బరువు. ఇన్నేళ్ళుగా ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే మోస్తున్నాను. చర్చిలో ఫాదర్ ముందు మోకరించి పాపసంకీర్తనం చేసిన ప్రతిసారీ నా కోపం గురించి చెప్పాను, గర్వం గురించి చెప్పాను, మా వదినతో ఆడిన చిల్లర అబద్ధాల గురించి కూడా చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? యాంప్లిఫయర్ల సంగతి ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను. నా సాకులు ఇలా ఉంటాయి.

మీకు చెప్తాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అదే నయం. ఒక్క మాట ముందే అనుకుందాం. ఇది ఏడుపుగొట్టు కథ కాదు. నా బతుకులో నేను గెలిచిన అన్నిటికంటే పెద్ద గెలుపు గురించే చెప్పబోతున్నాను. ఆ గెలుపు తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది. కాకపోతే అది దొంగ గెలుపు.

మాది నల్లగొండ పక్కన పల్లె. బాపుకు బత్తాయి తోట. నేను చర్చి పాటల గుంపులో గిటార్ పట్టాను. నాలుగు లావు తీగల బేస్ గిటార్ ఒకసారి చేతికొచ్చాక మిగతావన్నీ నాకు పిల్లల ఆటలాగా అనిపించాయి. పాటలో అది ఉన్నట్టు చాలామందికి తెలియదు. తీసేస్తే మాత్రం పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది. ఎనభైలు ముగుస్తున్న రోజుల్లో నల్లగొండలో గఫూర్ సాబ్ ఆర్కెస్ట్రాలో చేరాను. ఆడపిల్ల పాడితే జనం వస్తారని నన్ను తీసుకున్నారు. వాళ్ళ బేస్ వాయించే మనిషి దుబాయి పోగానే, ఆ గిటార్ నాకివ్వమని వెంటబడి తీసుకున్నాను. పెళ్ళిళ్ళలో జనం పాటగత్తెను కాదు, గిటార్ పట్టిన ఆడమనిషిని చూడ్డానికి ఎగబడేవాళ్ళు. నాకు సిగ్గేం లేదు, చూడనీ అనుకునేదాన్ని.

గఫూర్ సాబ్ గురించి చెప్పాలి. మైక్‌సెట్ దుకాణం ఆయనది. కీబోర్డు వాయించేవారు, పాడేవారు, అందరి వాయిద్యాలూ బాగుచేసేవారు. కానీ ఆయన అసలు ఆస్తి ఆయన చెవి. ప్రోగ్రాంకు ముందు చెకింగ్ చేసేటప్పుడు ఆయన స్టేజీ దిగి, అందరికంటే వెనక కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవారు. ఒక వేలు పైకి లేస్తే చప్పుడు పెంచాలి, కిందికి వంగితే తగ్గించాలి. అరచెయ్యి చాపితే చాలు అని. ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఆయన చెయ్యి చాపాక ఇంకొకరు మాట్లాడేది ఉండేది కాదు. ఆ చెయ్యి కోసం మేమంతా కళ్ళప్పగించి చూసేవాళ్ళం.

ఇప్పుడు పెట్టె సంగతి. బేస్ గిటార్‌కు రెండు రకాల సామాను కావాలి. కింద స్పీకర్ల డబ్బా, దాని మీద పెట్టే యాంప్లిఫయర్. ఆ పైదాన్ని హెడ్డు అంటారు. స్పీకర్ డబ్బాలు పోయిన ఊళ్ళోని మైక్‌సెట్ వాళ్ళ దగ్గర దొరికేవి. హెడ్డు మాత్రం మనమే మోసుకుపోవాలి. మా హెడ్డును గఫూర్ సాబ్ తన చేతులతో తయారు చేశారు. పాత రేడియోల్లో ఉండేలాంటి పెద్ద పెద్ద వాల్వులు, రాయిలాంటి ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ ఇనుప రేకు. మేం దాన్ని దున్న అనేవాళ్ళం. ఆయన ముందు కాదనుకోండి.

ఆర్కెస్ట్రాలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి సామాను వాళ్ళే బస్సు మీదికి ఎక్కించాలి, వాళ్ళే దించాలి. సాబ్ పెట్టిందే అది. తన కీబోర్డు తనే భుజాన వేసుకుని బస్సు నిచ్చెన ఎక్కేవారు. తన సామాను తాను మోయని మనిషికి దాని మీద ప్రేమ ఉండదని ఆయన నమ్మకం. నా దున్నను మాత్రం డ్రమ్ములు కొట్టే యాదగిరి అన్న, సాబ్ చాయ్ తాగుతుండగా, దొంగచాటుగా ఎక్కించి పెట్టేవాడు. సాబ్ చూసీ చూడనట్టు ఉండేవారు. అది నాకు ఇంకా మంటగా ఉండేది.

ఒకరోజు నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర బస్సు మారుతున్నాం. యాదగిరి అన్న నిచ్చెన మీద, దున్న అతని భుజం మీద. కాలు జారింది. పెట్టె బస్సు అంచుకు తగిలి అతని వేళ్ళ మీద కూర్చుంది. ఆ సాయంత్రం పెళ్ళిలో అతను ఒంటిచేత్తో డ్రమ్ములు కొట్టాడు. నేను తలెత్తి అతని వైపు చూడలేకపోయాను.

మర్నాడు సాబ్ నన్ను దుకాణానికి పిలిచారు. తిడితే బాగుండేది. ఆయన ప్రేమగా మాట్లాడారు. నువ్వు పాడు బేటీ, నీ గొంతు మంచిగున్నది, మొయ్యలేని సామానెందుకు, బేస్ ఇంకెవరికన్న ఇద్దాం అన్నారు. నా ఒళ్ళంతా మండింది. నేను మొయ్యగలిగే హెడ్డు నేనే తెచ్చుకుంటానన్నాను. చిన్న డబ్బాలో అంత చప్పుడు ఎక్కడినుంచి వస్తుందని ఆయన నవ్వారు. చివరికి ఒప్పందం కుదిరింది. రెండు హెడ్డులూ పరదా వెనక పెట్టాలి. ఆయన ఇటు కూర్చుని వింటారు. ఏది మంచిదంటే అదే ఉంటుంది. చిన్నది గెలిస్తే దున్న అటకెక్కుతుంది. దున్న గెలిస్తే నేను మైకు ముందు నిలబడి పాడాలి, ఇక జన్మలో గిటార్ ఊసు ఎత్తకూడదు.

బాపును వెంటబెట్టుకుని సికింద్రాబాద్ పోయాను. పాత వాయిద్యాలు అమ్మే దుకాణంలో మూడు చిన్న హెడ్డులు చూశాను. ఒకటి పూలబుట్టంత తేలిక, కానీ చప్పుడు పెంచితే తగరపు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంది. ఇంకొకటి బాగా మోగింది, కానీ అందులో ఫ్యాను చేసే రొద పాటకంటే ఎక్కువ. మూడోది ఏదో హోటల్లో వాయించేవాళ్ళు అమ్మేసింది. నల్లది, మా అమ్మ కుట్టుమిషన్ మూతంత ఉంటుంది. దాన్ని పట్టుకుని దుకాణం మెట్లు ఎక్కి దిగాను. దుకాణదారు నవ్వాడు. నవ్వితే నవ్వనీ. తర్వాత మన పల్లెల్లో ఉండేంత కరెంటు పెట్టి చూపించమన్నాను. అతను రిపేర్లకు వాడే పెట్టె తిప్పుతూ వోల్టేజీ తగ్గించాడు. బల్బు ఎర్రబడింది, హెడ్డు మాత్రం మోగుతూనే ఉంది. వెనక రాసినవి చదివి మన స్పీకర్ డబ్బాలకు సరిపోతుందో లేదో కూడా చూసుకున్నాను. నేను ఇంత జాగ్రత్తగా మొగుణ్ణి కూడా ఎంచుకోలేదు. బాపు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ టిఫిన్ డబ్బ కోసమా బిడ్డ నా తోట కాపంత పాయె?" అన్నాడు.

పందెం శుక్రవారం. సాబ్ నమాజుకు పోయినప్పుడు నేను పరదా కట్టి, రెండు హెడ్డులూ పెట్టి, ఒక్కసారి వాయించి చూసుకున్నాను. చూసుకోకపోయినా బాగుండేది. చిన్నది చక్కగా, శుభ్రంగా మోగింది. ఎవరైనా మెచ్చుకుంటారు. తర్వాత గిటార్ వైరు తీసి దున్నకు పెట్టాను. ఒక్క మీటు మీటాను. ఆ శబ్దం స్పీకర్ నుంచి కాదు, కింద బండల్లోంచి లేచి నా పాదాల్లోకి ఎక్కింది. మా సాబ్ చెవి దీన్ని గుర్తుపట్టకుండా ఉంటుందా? కళ్ళు మూసుకునే పని కూడా లేదు. నా గిటార్ పోయింది అనుకున్నాను.

అప్పుడు ఓడిపోతానని తెలిసి కూడా నిజాయితీగా వాయించి ఉండొచ్చు. లేదా ఆయన కాళ్ళావేళ్ళా పడి, సాబ్, మీదే మంచిది, కానీ ఇదీ తక్కువేం కాదు, నన్ను వాయించనివ్వండి అని అడిగి ఉండొచ్చు. అడిగితే ఇచ్చేవారేమో. ఇచ్చేవారే. ఆయన మనసు నాకు తెలియనిదా? కానీ నాకు దయతో ఇచ్చింది వద్దు. గెలిచి తీసుకోవాలి. ఆ పొగరే ఆ రోజు నా చేత ఆ పని చేయించింది. ఎవరి మీదా నెట్టను.

నమాజు నుంచి వచ్చి సాబ్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వేళ్ళకు కట్టు కట్టుకుని యాదగిరి అన్న పక్కన నిలబడ్డాడు. పరదా వెనక ఇంకొకరిని ఉంచుదామా అని అన్న అడిగాడు. "అక్కర లేదు. గా పోరి మీద నాకు ఫికర్ లేదు" అన్నారు సాబ్. ఆ నమ్మకం మాట నేను పరదా ఇవతల నుంచి విన్నాను. విన్నాక కూడా చేశాను.

వైరు చిన్నదానికే ఉంది. ఒక పాట ముక్క వాయించాను. ఇది మొదటిది అన్నాను. తర్వాత వైరు టక్కున లాగాను, ఆ చప్పుడు ఆయనకు వినబడాలని. మళ్ళీ చిన్నదాని చిల్లులోనే పెట్టాను. అదే ముక్క వాయించాను. ఇది రెండోది అన్నాను. దున్న నా పక్కనే వాల్వులు వెలిగించుకుని, వెచ్చగా, ఊరికే కూర్చుని ఉంది.

పరదా అవతల నుంచి సాబ్ అన్నారు.

"బేటీ, రెండు ఒక్కతీర్గనే వినవడ్డయ్ గదా."

ఆ చెవి నిజం వినేసింది. ఒక్క మాట అంటే అయిపోయేది.

"లేదు సాబ్. జర మనసు పెట్టి వినుండ్రి. మస్తు ఫరక్ ఉన్నది."

"ఫరక్ ఉన్నదా?"

"ఉన్నది సాబ్. మల్ల వాయిస్త."

మళ్ళీ వాయించాను. అదే హెడ్డు, అదే చిల్లు. ఈసారి ఆయన ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారని యాదగిరి అన్న తర్వాత చెప్పాడు. అంతకుముందు ఆయన ఎప్పుడూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నది లేదు.

"మొదటిది," అన్నారు చివరికి. "మొదటిదే మంచిగున్నది. గదే నాది."

నేను పరదా తీశాను. "మొదటిది చిన్నది సాబ్" అన్నాను. అది నిజమే. నేను అబద్ధం ఆడలేదని దాన్ని పట్టుకునే చాలాకాలం వేలాడాను. కానీ లేని తేడాను ఫరక్ ఉన్నదన్నానే, అదేమిటి? తన చెవి తనకు సరిగ్గా చెప్పిన మాటను ఆయన చేత కాదనిపించానే, అదేమిటి?

ఆయన కొంచెంసేపు చిన్న హెడ్డు వైపు చూసి, పెద్దగా నవ్వి, లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. "జబాన్ అంటే జబాన్" అన్నారు, మాటంటే మాటేనని. సాయంత్రానికల్లా దున్నను అటక మీదికి ఎక్కించారు. ఆయనే మోశారు, ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఇక నా రాజ్యం మొదలైంది. హెడ్డును సంచిలో వేసి భుజానికి తగిలించుకుని మొదటిసారి బస్సు నిచ్చెన ఎక్కిన రోజు నేను ఎక్కింది బస్సు కాదు, ఆకాశం. కండక్టర్ కింద నుంచి, "ఏమక్కా, అండ్ల ఏమున్నది, బువ్వనా?" అన్నాడు. బువ్వే అన్నాను. అబద్ధం కాదు కదా, అదే నాకు బువ్వ పెట్టింది. యాదగిరి అన్న వేళ్ళు మానాయి. నా సామాను వైపు చెయ్యి చాపబోయాడు కూడా, అలవాటుకొద్దీ. ముడితే ఆ మిగిలిన వేళ్ళు నేను విరగ్గొడతానన్నాను.

కొల్లాపూర్‌లో ఒక పెద్దింటి పెళ్ళి. జనం నేల ఈనినట్టున్నారు. పొద్దు గూకే వేళ, పాట మంచి ఊపు మీద ఉండగా కరెంటు జావగారింది. బల్బులు ఎర్రబడ్డాయి. సాబ్ కీబోర్డు మూగబోయింది. ఆయన వేళ్ళు మీటల మీద అలాగే ఉండిపోయాయి. పాట పడిపోతుందని అందరికీ తెలిసిపోయింది. పడలేదు. నా చిన్న హెడ్డు మోగుతూనే ఉంది. నేను యాదగిరి అన్న వైపు చూశాను, అతను నా వైపు చూశాడు. డ్రమ్మూ బేసూ, అంతే. ఇద్దరం ఆ పాటను ఎత్తి పట్టుకున్నాం. మొదట పిల్లలు ఎగిరారు, తర్వాత పెద్దమనుషులు, చివరికి పెళ్ళికూతురి అవ్వ లేచి చప్పట్లు కొట్టింది. జనరేటర్ వచ్చేదాకా మేం ఆగలేదు. అదే దున్న అయితే అంత తక్కువ కరెంటుకు ఎప్పుడో మూతి ముడుచుకునేది. నేను ఎంచుకున్నది సరైనదే. ఇప్పుడూ అదే అంటాను, ఎవరొచ్చి అడిగినా అదే అంటాను.

అయితే ఎంపిక సరైనదైతే మోసం మాసిపోతుందా? ఆ రోజు మాసిపోయిందనే అనుకున్నాను. జనం అంతలా అరుస్తుంటే ఎవరికి గుర్తొస్తుంది? అప్పుడే సాబ్ మైకు తీసుకుని, ఈ బిడ్డ నా చెవిని ఓడగొట్టింది తెలుసా అని, పరదా కథంతా నవ్వుతూ చెప్పారు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. నేను వంగి దండం పెట్టాను.

ఆ తర్వాత ప్రతి ఊళ్ళో ఆయన ఆ కథ చెప్పారు. పోచంపల్లిలో చెప్పారు, నల్లగొండలో చెప్పారు, సొంత కూతురు ఫస్టు వచ్చినట్టు చెప్పారు. ప్రతిసారీ నేను వంగి దండం పెట్టాను. గెలుపు ఎంత పెద్దదైతే నోరు అంత గట్టిగా మూతపడుతుందని నాకు అప్పుడు తెలిసింది.

కానీ చెకింగ్ దగ్గర మాత్రం ఏదో మారింది. నేనే అందరికంటే ముందు గమనించాను, ఎందుకంటే నేనే దొంగను. ఆయన వెనక కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవారు. వేలు లేచేది, సగంలో ఆగేది. కళ్ళు తెరిచి, షామియానా కట్టేవాళ్ళను, కుర్చీలు వేసేవాళ్ళను, ఎవరుంటే వాళ్ళను అడిగేవారు.

"ఎట్లున్నది?"

ఆ మాట ఆయన నోటి నుంచి అంతకుముందు ఎవరూ వినలేదు. మంచిగున్నదని వాళ్ళు అంటే అప్పుడు అరచెయ్యి చాపేవారు. వయసు మీద పడిందని అందరూ అనుకున్నారు. నేనూ తల ఊపాను. ఒక మనిషి ఇల్లు దోచినా ఇంత పని చేసినదాన్ని కానేమో. ఆయనకు తన మీద ఉన్న నమ్మకాన్ని పరదా వెనక కూర్చుని ఒక్క వైరుతో తెంపేశాను. చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. చెప్తే నా గిటార్ లాక్కుంటారని కాదు, ఆ భయం ఎప్పుడో పోయింది. నా పేరు పోతుందని. ఆయన తిరిగి తిరిగి కట్టిపెట్టిన పేరు.

తొంభైలు సగం దాటాక ఆయన దవాఖానలో పడ్డారు. మా తోట బత్తాయిలు తీసుకుని చూడబోయాను. మంచం మీద కూర్చుని, నేను కాయ ఒలుస్తుంటే, ఆయన ఉన్నట్టుండి ఆ మాటే ఎత్తారు.

"గా దినం నాకు రెండు ఒక్కతీర్గనే వినవడ్డయ్ బేటీ. గిప్పటికి గట్లనే యాదికొస్తది. చెవి గప్పుడే పోయినట్టున్నది నాకు."

ఆయన నన్ను తప్పు పట్టడం లేదు. తన చెవినే తప్పు పడుతున్నారు. నా చేతిలో బత్తాయి తొన ఉంది.

"తినుండ్రి సాబ్" అన్నాను.

అంతే అన్నాను. మొదటిసారి చేసింది పొగరుతో చేశాను, వయసు చిన్నది అనుకుందాం. ఈ రెండోసారికి ఏ సాకూ లేదు. కొన్నాళ్ళకు ఆయన పోయారు.

మొన్న ఆయన భార్య కబురు చేసింది. ఆమెను ఖాలా అంటాను, పిన్నీ అన్నట్టు. ఇల్లు సర్దుతున్నాం, అటక మీద జాగా లేదు, ఆ పెట్టె నువ్వే తీసుకుపో బిడ్డా అంది. యాదగిరి అన్న ఆటోలో తెచ్చి, రొప్పుతూ నా గదిలో దించి, "ముసలోణ్ని అయినంక గూడ దీన్ని నాతోనే మోపిస్తున్నవా చెల్లె" అని తిట్టుకుంటూ పోయాడు.

ఇవాళ పొద్దున దాని దుమ్ము తుడిచాను. పక్కన నా చిన్న హెడ్డు పెట్టాను, ఇప్పటికీ చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. దున్నకు కరెంటు పెట్టి చాలాసేపు చూశాను. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రగా వెలిగాయి. ఆయన చేతి పని అది, అన్నేళ్ళు అటక మీద పడున్నా చెడలేదు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ముందు చిన్నదానితో ఆ రోజటి పాట ముక్కే వాయించాను. తర్వాత వైరు లాగాను. ఈసారి రెండోదానికి పెట్టాను.

అదే ముక్క వాయించాను. శబ్దం బండల్లోంచి లేచి పాదాల్లోకి ఎక్కింది. కిటికీ ఊచలు కూడా వణికాయి. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో పట్టించుకోలేదు. అక్కడ ఎవరూ లేకపోయినా, వెనక కుర్చీలో కూర్చున్న మనిషికి వినబడేంత గట్టిగా పైకే అన్నాను.

"ఫరక్ అంటే గిది సాబ్. గా దినం లేకుండె. మీరు విన్నది నిజమే."